బావోజున్ ఎవరి సొత్తు? ఒకే బండి, నాలుగు పేర్లు

బెజవాడ_వాకిలి
మా మేనత్త కొడుకు జకార్తాలో ఉద్యోగం చేస్తున్నాడు. సంక్రాంతికి మా ఇంటికి వచ్చినప్పుడు వాకిట్లో నిలిపి ఉన్న మా ఎంజీ హెక్టర్ చుట్టూ రెండుసార్లు తిరిగి, డిక్కీ మీద చెయ్యి వేసి, ‘బావా, ఇది నా బండి’ అన్నాడు. అతనికి అక్కడ ఉన్నది వూలింగ్ అల్మాజ్. వెంటనే ఫోన్‌లో ఫొటోలు తీసి చూపించాడు. ముందు గ్రిల్ వేరు, గుర్తు వేరు. తలుపుల ఒంపు, అద్దాల కింది గీత, బంపర్‌లోకి దిగిపోయిన హెడ్‌లైట్లు, లోపల డ్యాష్‌బోర్డు మీద నిలువుగా నిలబెట్టిన పెద్ద తెర మాత్రం అచ్చుగుద్దినట్లు ఉన్నాయి.

అప్పటినుంచి ఇంట్లో ఇదే చర్చ నడుస్తోంది. ఎంజీ అంటే ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టిన ఇంగ్లిష్ పేరని నేను, ఇది అమెరికా జనరల్ మోటార్స్ బండి అని మా తమ్ముడు, అంతా చైనా సరుకేనని పక్కింటి మాస్టారు. వెతికి చూస్తే చైనాలో ఈ బండి అసలు పేరు బావోజున్ 530 అని తేలింది. ఈ బావోజున్ ఎవరిది? ఎక్కడ పుట్టింది? చైనావాళ్ల సొంత బ్రాండా, అమెరికావాళ్లు అక్కడ పెట్టిన పేరా? తెలిసినవారు కాస్త వివరంగా రాయగలరు. మా నాన్నగారు ప్రతి జవాబూ చదివించుకుంటున్నారు.

ఓరుగల్లు_చక్రం
ఇందులో ఇంత చర్చ అవసరం లేదనుకుంటాను. ఎంజీ పేరు ఇంగ్లండుదే. 2005లో ఎంజీ రోవర్ దివాలా తీసిన తర్వాత దాన్ని చైనాలోని నాన్‌జింగ్ ఆటోమొబైల్ కొనుక్కుంది. 2007 చివరలో నాన్‌జింగ్ సంస్థ షాంఘైకి చెందిన కార్ల సంస్థ ఎస్‌ఏఐసీలో కలిసింది. బావోజున్ కూడా ఎస్‌ఏఐసీ నీడలోనిదే. కనుక మీ పక్కింటి మాస్టారు చెప్పిందే నిజం.

ఆడిటర్_బాబాయి
చక్రం గారు ఎంజీ గురించి రాసింది సరిగానే ఉంది. అయితే అడిగింది బావోజున్ గురించి. దాని లెక్క వేరు.

బావోజున్ అనేది ఒక కంపెనీ పేరు కాదు, ఒక కంపెనీ పెట్టిన బ్రాండు పేరు. ఆ కంపెనీ ఎస్‌ఏఐసీ-జీఎం-వూలింగ్. ముగ్గురు భాగస్వాములు పేరులోనే కనిపిస్తున్నారు. 2002లో సంస్థ ఏర్పడినప్పుడు ఎస్‌ఏఐసీకి 50.1 శాతం, జనరల్ మోటార్స్‌కు 34 శాతం, దక్షిణ చైనా ఊరు ల్యూజౌలోని స్థానిక వూలింగ్ సంస్థకు 15.9 శాతం వాటాలు ఉండేవి. తర్వాత జనరల్ మోటార్స్ స్థానిక భాగస్వామి నుంచి మరో 10 శాతం కొన్నది. అందుకు చెల్లించింది సుమారు 5.1 కోట్ల డాలర్లు. అప్పటినుంచి వాటాలు 50.1, 44, 5.9. నూటికి నలభై నాలుగు పాళ్లు అమెరికా కంపెనీ చేతిలో ఉన్న సంస్థను ‘అంతా చైనా సరుకు’ అని ఒక్క మాటలో తేల్చేయడం లెక్కకు నిలవదు. జనరల్ మోటార్స్ తన చైనా అమ్మకాలను ప్రకటించేటప్పుడు వూలింగ్, బావోజున్ బండ్లను కూడా అందులో కలిపే చూపుతుంది.

సందేహి_66
ఆడిటర్ గారూ, 50.1 శాతం ఎస్‌ఏఐసీదే అయినప్పుడు పెత్తనం వాళ్లదే కదా? ఆ పాయింటు ఒకటి ఎందుకు పెట్టుకున్నారో చెప్పండి.

ఆడిటర్_బాబాయి
పెత్తనం వాళ్లదే, అందులో సందేహం లేదు. 1994లో చైనా ప్రభుత్వం తెచ్చిన మోటారు పరిశ్రమ విధానం ప్రకారం విదేశీ కంపెనీకి కార్ల తయారీలో సగానికి మించి వాటా ఉండకూడదు. ఆ నిబంధన విద్యుత్ బండ్లకు 2018లోనూ, వాణిజ్య వాహనాలకు 2020లోనూ, మిగిలిన కార్లకు 2022లోనూ తొలగిపోయింది. అంటే సంస్థ పుట్టినప్పుడు జనరల్ మోటార్స్ కోరుకున్నా సగం దాటే వీలు లేదు. ఇక్కడ సగం కూడా కాకుండా 44 దగ్గర ఆగింది. నేను అంటున్నది పెత్తనం గురించి కాదు, లాభంలో పాలు గురించి. బావోజున్ మీద వచ్చిన ప్రతి వంద రూపాయల లాభంలో నలభై నాలుగు డెట్రాయిట్ ఖాతాలో, అంటే జనరల్ మోటార్స్ ఖాతాలో పడతాయి.

చీనాంబరం
ముందు పేరు సంగతి చెబుతాను. హైదరాబాదులో భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూలో చైనీస్ చదువుకున్నాను, అందుకే ఇలాంటి చోట ఊరుకోలేను. ‘బావో’ అంటే నిధి, అమూల్యమైనది. ‘జున్’ అంటే మేలుజాతి గుర్రం. రెండూ కలిపితే అమూల్యమైన ఉత్తమాశ్వం. అందుకే పాత బావోజున్ బండ్ల ముందు డాలు ఆకారంలో గుర్రం తల గుర్తు ఉంటుంది. ఇందులో మరో ముచ్చట ఉంది. చైనాలో బీఎండబ్ల్యూని ‘బావోమా’ అంటారు. ‘మా’ అన్నా గుర్రమే. కొత్తగా కారు కొనుక్కునే చిన్న పట్టణం మనిషికి బావోజున్ అనే మాట వినగానే ఆ ఖరీదైన గుర్రం కూడా గుర్తుకు వస్తుంది.

వూలింగ్ అంటే ‘అయిదు వజ్రాకారాలు’. ఆ గుర్తులో ఎర్రని వజ్రాకారాలు అయిదు రెక్కల్లా పరుచుకుని ఉంటాయి. మిత్సుబిషి అంటే జపాన్ భాషలో ‘మూడు వజ్రాకారాలు’. ఆ రెండు పేర్లలోనూ ఉన్నది ఒకే అక్షరం. ఎందుకు ఆ పోలిక వచ్చిందో షాంఘైలో ఉన్నవారు చెబితే బాగుంటుంది.

షాంఘై_ప్రవాసి
చీనాంబరం గారు నాకోసమే వదిలినట్లున్నారు. నేను విడిభాగాల కంపెనీ తరఫున ల్యూజౌకు చాలాసార్లు వెళ్లాను, ఒకసారి ఏడు నెలలు వరసగా ఉన్నాను. బావోజున్ పుట్టిల్లు ఆ ఊరే కాబట్టి కొంచెం ఓపికగా రాస్తాను.

ల్యూజౌ దక్షిణ చైనాలో గ్వాంగ్‌షీ జువాంగ్ స్వయంప్రతిపత్తి ప్రాంతంలో ఉంది. ఊరి మధ్యలో ల్యూ నది కుండ ఆకారంలో మెలిక తిరుగుతుంది. చుట్టూ సున్నపురాతి గుట్టలు నిటారుగా, నేలలోంచి మొలిచినట్లు ఉంటాయి. ఊళ్లోకి అడుగు పెట్టగానే ముక్కుకు తగిలేది నత్తల పులుసుతో చేసే బియ్యపు సేమియా వాసన. పులియబెట్టిన వెదురు కొమ్ముల వల్ల ఆ ఘాటు వస్తుంది. మొదటి వారం భరించలేకపోయాను, రెండో నెలలో అది లేకపోతే పొద్దు గడవలేదు.

అది పరిశ్రమల ఊరు. మన దగ్గర రోడ్డు పనుల్లో కనిపించే ల్యూగాంగ్ లోడర్ల కంపెనీ కూడా అక్కడిదే, దానికి మధ్యప్రదేశ్‌లోని పీథంపూర్‌లో ఫ్యాక్టరీ ఉంది. వూలింగ్ మూలం 1958లో మొదలైన యంత్రాల కర్మాగారం. 1960లలో అక్కడ ట్రాక్టర్లు చేసేవారు. 1970ల చివరికి ట్రాక్టర్లకు గిరాకీ పడిపోయింది. జీతాలు ఇవ్వడానికి కుట్టుమిషన్లు, మగ్గాలు కూడా చేశారని అక్కడి పాత కార్మికులు ఇప్పటికీ చెబుతారు. ఆ కష్టకాలంలోనే మిత్సుబిషి చిన్న ట్రక్కును తెచ్చి, విప్పి, కొలతలు తీసుకుని, 1982లో తమ మొదటి చిన్న ట్రక్కును తయారుచేశారు. మూడు వజ్రాకారాల పక్కన అయిదు ఎందుకు వచ్చాయో దీన్ని బట్టి ఊహించుకోవచ్చు.

ఆ తర్వాత వాళ్లకు పేరు తెచ్చింది చిన్న వ్యాన్లు. చైనాలో వాటిని ‘రొట్టె బండి’ అంటారు, ఆకారం రొట్టె ముద్దలా ఉంటుంది కనుక. రైతు కూరగాయలు వేసుకుని పొద్దున సంతకు పోతాడు, సాయంత్రం అదే బండిలో సీట్లు బిగించుకుని ఇంటిల్లిపాదినీ పెళ్లికి తీసుకుపోతాడు. 2002లో ఎస్‌ఏఐసీ, జనరల్ మోటార్స్ వచ్చి చేరింది ఇలాంటి బండ్లు చేసే సంస్థలో. 2010లో వచ్చిన వూలింగ్ హోంగ్‌గ్వాంగ్ దాన్ని దేశమంతటా ఇంటింటి పేరు చేసింది.

బెజవాడ_వాకిలి
నాన్నగారు ఈ జవాబును రెండుసార్లు చదివించుకున్నారు. ఆయన అడుగుతున్న ప్రశ్న ఇది. వూలింగ్ పేరుకు అంత గిరాకీ ఉన్నప్పుడు, చేతిలో ఉన్న పేరును వదిలి బావోజున్ అనే కొత్త పేరు ఎందుకు పెట్టినట్లు?

షాంఘై_ప్రవాసి
వ్యాపార కారణం సులువుగానే అర్థమవుతుంది. వూలింగ్ అంటే సామాన్లు మోసే బండి అనే ముద్ర బలంగా పడిపోయింది. కూతురి పెళ్లికి, ఆఫీసుకు వేసుకుపోయే కారు కొనాలనుకునేవాడు తన బండి ముందు ఆ ఎర్రటి గుర్తును చూసుకోవడానికి ఇష్టపడడు. మన ఊళ్లలో ఆటో ట్రాలీ కంపెనీ పేరుతోనే సెడాన్ వచ్చిందనుకోండి, అత్తవారింటికి దానిలో వెళ్లడానికి అల్లుడు ఎంత ఆలోచిస్తాడో అంత. 2010లో ఆ సంస్థ కార్ల కోసం విడిగా బావోజున్ పేరు ప్రకటించింది. మొదటి కారు 630 సెడాన్ 2011లో అమ్మకానికి వచ్చింది.

చీనాంబరం
వ్యాపార కారణం ఒక్కటే అయితే కథ అంతటితో ముగిసేది. దాని వెనుక ప్రభుత్వ విధానం కూడా ఉంది. ఆ ఏళ్లలో చైనా ప్రభుత్వం ఉమ్మడి సంస్థలను ఒకటే అడుగుతూ వచ్చింది: మీరు ఎంతకాలం విదేశీ పేర్లతో బండ్లు బిగిస్తూ కూర్చుంటారు, మీ సొంత పేరు ఎప్పుడు పెడతారు? అందుకే దాదాపు ఒకే కాలంలో హోండా భాగస్వామ్యంలో ఎవరస్, నిస్సాన్ భాగస్వామ్యంలో వెనూసియా, ఇక్కడ బావోజున్ పుట్టాయి. వాటిలో బాగా నిలదొక్కుకున్నది బావోజునే.

ఇలాంటి వాటిని చైనీస్‌లో ‘జీజూ పిన్‌పాయ్’ అంటారు. మన వార్తల్లో దాన్ని ‘స్వదేశీ బ్రాండ్’ అని రాస్తారు గాని, ఆ అనువాదం సరిపోదు. ‘జీజూ’ అంటే తనకు తానే యజమాని కావడం. మనం స్వదేశీ అన్నప్పుడు ఎక్కడ తయారైందని అడుగుతాం. వాళ్లు అడిగేది ఆ పేరు ఎవరి చేతిలో ఉంది, ఏ బండికి పెట్టాలో ఎవరు నిర్ణయిస్తారు అని. షాంఘైలో తయారయ్యే బ్యూక్ కారు చైనాలో పుట్టినదే అయినా ఆ పేరు మీద హక్కు డెట్రాయిట్‌ది. బావోజున్ పేరు మాత్రం ల్యూజౌలోని ఉమ్మడి సంస్థది.

ఓరుగల్లు_చక్రం
పేరు వాళ్లదే, ఒప్పుకుంటున్నాను. బండి మాటేమిటి? ఆ 630 కింద ఉన్నది డేవూ లాసెట్టి పునాది. దాన్నే చైనాలో బ్యూక్ ఎక్సెల్‌గా, మన దగ్గర జనరల్ మోటార్స్ వారి షెవ్రొలే ఆప్ట్రాగా అమ్మారు. కొరియాలో రూపొందించిన బండికి గుర్రం తల అతికించి సొంత బ్రాండ్ అనడం నాకు మింగుడు పడదు. నేను మొదట చెప్పిన మాటను కొంత మార్చుకుంటున్నాను. 2011 బావోజున్ చైనా పేరు పెట్టుకున్న కొరియా బండి.

విశాఖ_తీరం
ఆప్ట్రా పేరు వినగానే ప్రాణం లేచి వచ్చింది. మా మామయ్యగారి దగ్గర ఎనిమిదేళ్లు ఉండేది, ఘాట్ రోడ్డు మీద దాని నిలకడ ఈ రోజుకీ మరచిపోలేను. నా దగ్గర షెవ్రొలే ఎంజాయ్ ఉండేది. 2013లో వచ్చిన ఆ ఎంజాయ్ కూడా వూలింగ్ హోంగ్‌గ్వాంగే అని చాలామందికి తెలియదు. ఏడుగురం ఎక్కి అరకు వెళ్లేవాళ్లం.

షాంఘై_ప్రవాసి
చక్రం గారు 630 గురించి చెప్పింది నిజమే, దాని తయారీలో ఎస్‌ఏఐసీ, జీఎం ఉమ్మడి పరిశోధన కేంద్రం పాటాక్ చెయ్యి కూడా ఉంది. కాని అక్కడితో ఆగిపోతే ల్యూజౌ ఇంజనీర్లకు అన్యాయం చేసినట్లే. 2014లో 730, 2015లో 560, 2017లో 510, 2018లో 530 వచ్చాయి. ఇవి పాత కొరియా బండికి రంగు మార్చి తెచ్చినవి కావు. నేను అక్కడ ఉన్నప్పుడు చూసిన ఒక సంగతి చెబుతాను. ఒక ప్లాస్టిక్ భాగం ధర మీద చర్చ. బల్ల మీద భాగాన్ని పెట్టి, దాని వెనుక వైపు తిప్పి, కొనుగోలు విభాగం మనిషి వేలితో ఒక్కో గట్టు తడుముతూ, ఇది ఎందుకు, ఇది తీసేస్తే ఏమవుతుంది అని అడిగాడు. పదకొండు గట్లలో నాలుగు తీసేశాం. ఆ తర్వాత పరీక్షలో నిలిచింది. ధర తగ్గింది. ఆ పొదుపు రొట్టె బండ్ల కాలం నుంచి వచ్చిన విద్య. అది డెట్రాయిట్ నుంచి దిగుమతి అయింది కాదు, కొరియా నుంచీ కాదు.

2017లో బావోజున్ ఒక్కటే దాదాపు పది లక్షల బండ్లు అమ్మింది. బ్రాండు పుట్టి అప్పటికి ఏడేళ్లు.

సందేహి_66
గట్ల సంగతి చదువుతుంటే మా అమ్మ చింతపండు బేరం గుర్తుకొచ్చింది. అసలు విషయానికి వస్తే, ఎస్‌ఏఐసీకి యజమాని ఎవరు? ప్రైవేటు కంపెనీయా, ప్రభుత్వానిదా?

ఆడిటర్_బాబాయి
షాంఘై నగర ప్రభుత్వానిది. షేర్లు మార్కెట్లో ఉన్నా పెద్ద వాటా నగర ప్రభుత్వం ఆధీనంలోనే ఉంది. అలాగే ఆ 5.9 శాతం స్థానిక భాగస్వామి గ్వాంగ్‌షీ ప్రాంతీయ ప్రభుత్వ సంస్థ. ల్యూజౌ వూలింగ్ అన్న పాత పేరు మారి ఇప్పుడు గ్వాంగ్‌షీ ఆటోమొబైల్ గ్రూప్ అయింది. అంటే బావోజున్ వెనుక ఒక నగర ప్రభుత్వం, ఒక ప్రాంతీయ ప్రభుత్వం, ఒక అమెరికా ప్రైవేటు కంపెనీ కూర్చుని ఉన్నాయి. బెజవాడ గారూ, మీ ఇంట్లో ముగ్గురూ తలో ముక్క పట్టుకున్నారు.

జకార్తా_తెలుగు
అల్మాజ్ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఇక్కడి సంగతి. వూలింగ్ ఇండొనేషియాలో ఫ్యాక్టరీ పెట్టింది 2017లో, జకార్తా పక్కన చికరాంగ్‌లో. అది ల్యూజౌ ఉమ్మడి సంస్థదే. ఇక్కడ బావోజున్ పేరు వాడలేదు, అన్నీ వూలింగ్ పేరుతోనే అమ్ముతారు. చైనాలో సామాన్ల బండి అనిపించుకున్న పేరు ఇక్కడ అందరికీ కొత్త కాబట్టి ఆ ఇబ్బంది రాలేదు. 2019లో బావోజున్ 530 అల్మాజ్‌గా వచ్చింది. ఇదే ఫ్యాక్టరీలో తయారైన అదే బండిని షెవ్రొలే కాప్టివా పేరుతో థాయ్‌లాండ్‌కు పంపించారు. వరసగా నిలిపిన బండ్లలో కొన్నింటికి అయిదు వజ్రాలు, కొన్నింటికి షెవ్రొలే విల్లు గుర్తు.

ఓరుగల్లు_చక్రం
లాటిన్ అమెరికాలో కూడా 530 కాప్టివాగానే వెళ్లింది. 510 అక్కడ షెవ్రొలే గ్రూవ్. ఇప్పుడు నన్ను తొలుస్తున్న ప్రశ్న వేరు. థాయ్‌లాండ్‌లో, కొలంబియాలో షెవ్రొలే పేరు పెట్టిన బండికి మన దేశంలో ఎంజీ పేరు ఎలా వచ్చింది? ఎంజీ ఉమ్మడి సంస్థది కాదు, ఎస్‌ఏఐసీ సొంతం. అందులో జనరల్ మోటార్స్‌కు చిల్లిగవ్వ వాటా లేదు.

షాంఘై_ప్రవాసి
దానికి జవాబు గుజరాత్‌లోని హాలోల్‌లో ఉంది. విశాఖ గారి ఎంజాయ్ ఎక్కడ తయారైందో గుర్తు చేసుకోండి.

విశాఖ_తీరం
హాలోల్ ఫ్యాక్టరీలోనే. జనరల్ మోటార్స్ ఇండియాది.

షాంఘై_ప్రవాసి
అవును. 2009 చివరలో జనరల్ మోటార్స్, ఎస్‌ఏఐసీ కలిసి భారత్‌లో చెరిసగం భాగస్వామ్యం ప్రకటించాయి. చైనాలో రూపొందిన చిన్న బండ్లను ఇక్కడ అమ్మాలన్నది ఆలోచన. 2012లో వచ్చిన సెయిల్, 2013లో వచ్చిన ఎంజాయ్ దాని ఫలితాలే. తర్వాత ఎస్‌ఏఐసీ వాటా తగ్గించుకుంది. 2017లో జనరల్ మోటార్స్ మన దేశంలో అమ్మకాలు ఆపేసింది. అదే ఏడాది హాలోల్ ఫ్యాక్టరీ ఎస్‌ఏఐసీ చేతికి వచ్చింది, ఎంజీ మోటార్ ఇండియా మొదలైంది.

ఇక్కడ షెవ్రొలే లేదు కాబట్టి జనరల్ మోటార్స్‌కు తన పేరు పెట్టుకునే అవసరం లేదు. వూలింగ్, బావోజున్ పేర్లు మన వినియోగదారుకు తెలియవు. ఎస్‌ఏఐసీ చేతిలో పాత ఇంగ్లిష్ పేరు సిద్ధంగా ఉంది. కనుక 2019 జూన్‌లో బావోజున్ 530 హెక్టర్ అయి, ఒకప్పుడు హోంగ్‌గ్వాంగ్ ఎంజాయ్‌గా బయటికి వచ్చిన గేటులోంచే బయటికి వచ్చింది.

విశాఖ_తీరం
అంటే నా ఎంజాయ్, బెజవాడ గారి హెక్టర్ ల్యూజౌలో పుట్టి హాలోల్‌లో పెరిగిన అన్నదమ్ములన్న మాట. ఎంజాయ్ అమ్మేసి నాలుగేళ్లయింది. దీన్ని చదివాక మళ్లీ దిగులు పట్టుకుంది.

ఓరుగల్లు_చక్రం
హెక్టర్‌ను పూర్తిగా ల్యూజౌ బిడ్డ అనడానికి కూడా వీల్లేదు. దాని డీజిల్ ఇంజను రెండు లీటర్ల ఫియట్‌ది. టాటా హారియర్‌లో, జీప్ కంపాస్‌లో ఉన్నదే. చైనాలో కార్లకు డీజిల్ అడిగేవాడు దాదాపు లేడు, మనవాళ్లు 2019లో డీజిల్ లేకపోతే షోరూం గడప తొక్కరు. స్టీరింగ్ కుడి వైపుకు రావాలి, ఏసీ మన ఎండలకు తట్టుకోవాలి. ఆ మార్పుల్లో ఇక్కడి ఇంజనీర్ల శ్రమ ఉంది, దాన్ని తక్కువ చేసి మాట్లాడటం నాకు ఇష్టం లేదు.

అనంత_సీమ
ఇంతమంది ఇంత రాసి, ఇప్పుడు ఎంజీ మోటార్ ఇండియా ఎవరిదో చెప్పలేదు. 2020 ఏప్రిల్‌లో మన ప్రభుత్వం సరిహద్దు దేశాల పెట్టుబడులకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేసింది. ఆ తర్వాత చైనా నుంచి కొత్త డబ్బు తేవడం గగనమైంది. చైనా కార్ల సంస్థ గ్రేట్ వాల్ మహారాష్ట్రలో జనరల్ మోటార్స్‌కు చెందిన తళేగావ్ ఫ్యాక్టరీ కొనాలని 2020 జనవరిలో ఒప్పందం చేసుకుని, చివరికి అనుమతులు రాక వెనుదిరిగింది. ఆ ఫ్యాక్టరీ తర్వాత హ్యుందయ్‌కు వెళ్లింది. మన హైదరాబాదు మేఘా ఇంజనీరింగ్, చైనా బీవైడీ కలిసి వంద కోట్ల డాలర్లతో కార్ల ఫ్యాక్టరీ పెడతామన్న ప్రతిపాదనను 2023లో కేంద్రం తోసిపుచ్చింది. అదే గ్రూపుకు చెందిన ఒలెక్ట్రా బస్సులు బీవైడీ సాంకేతికతతో తయారై హైదరాబాదు రోడ్ల మీద, తిరుమల ఘాట్ మీద నడుస్తున్నాయి.

ఎంజీ ఈ చిక్కును వేరే దారిలో దాటింది. 2023 నవంబరులో మన దేశపు జేఎస్‌డబ్ల్యూ గ్రూపు 35 శాతం వాటా తీసుకుంటున్నట్లు ప్రకటించారు. 2024 మార్చి నుంచి అది జేఎస్‌డబ్ల్యూ ఎంజీ మోటార్ ఇండియా. కాబట్టి చైనా బండి అని ఎవరైనా అంటే, ఏ సంవత్సరం బండి అని తిరిగి అడగాలి.

ఓరుగల్లు_చక్రం
వాటా మారితే బండి మూలం మారదు. జేఎస్‌డబ్ల్యూ వచ్చిన తర్వాత 2024 సెప్టెంబరులో విడుదలైన విండ్సర్ ఎవరిది? చైనాలో బావోజున్ యున్‌దువో, బయట వూలింగ్ క్లౌడ్. అంతకు ముందు వచ్చిన కామెట్ వూలింగ్ ఎయిర్. వీధిలో ఎంజీ బండి కనబడితే సగం సార్లు ల్యూజౌ కనబడుతున్నట్లే.

చీనాంబరం
‘యున్‌దువో’ అంటే మబ్బు. మబ్బుకు ఇంగ్లండు రాజకోట పేరు పెట్టారని తెలిసినప్పుడు నాకు కొంత బాధ కలిగింది. ఆ చైనీస్ పేరు ఎంత మెత్తగా ఉంటుందో వినాలి.

నిర్వాహకుడు_2
సరిహద్దు తగాదాల మీద వచ్చిన మూడు జవాబులను తొలగించాం. సొంతదారు ఎవరు, పుట్టుక ఎక్కడ అన్న విషయం మీదే రాయవలసిందిగా మనవి.

సందేహి_66
ఒక్క అనుమానం. 2017లో పది లక్షల బండ్లు అమ్మిన బావోజున్ ఇప్పుడు చైనాలో ఎలా ఉంది?

షాంఘై_ప్రవాసి
చెప్పడానికి కష్టంగానే ఉంది. 2019లో ‘కొత్త బావోజున్’ అని గుర్తు మార్చారు, గుర్రం తల పోయి గీతలతో చేసిన వజ్రాకారం వచ్చింది. ధరలు పెంచి పైమెట్టు ఎక్కాలని చూశారు. అంతకాలం చవకగా, గట్టిగా ఉంటుందని నమ్మి కొన్న చిన్న పట్టణాల జనం ఆ ధర చూసి పక్కకు తప్పుకున్నారు. పెద్ద నగరాల వాళ్లు ఎప్పుడూ బావోజున్ వైపు చూడలేదు. 2020లో అదే సంస్థ వూలింగ్‌కు వెండి రంగు గుర్తు పెట్టి కుటుంబ కార్లు కూడా దాని కిందే తేవడం మొదలుపెట్టింది. ఏ ముద్రను తప్పించుకోవడానికి బావోజున్ పుట్టిందో ఆ ముద్రే అప్పటికి ఊడిపోయింది. పైగా ఆ ఏడాది కరోనా మొదట్లో ఆ సంస్థ మాస్కులు తయారుచేసి, ‘జనానికి ఏది కావాలంటే వూలింగ్ అది చేస్తుంది’ అని ప్రకటించడంతో దాని మీద దేశమంతా ప్రేమ కురిసింది. జూలైలో 28,800 యువాన్లకు వచ్చిన హోంగ్‌గ్వాంగ్ మినీ విద్యుత్ కారు మిగిలిన వెలుగునంతా లాగేసుకుంది.

నేను చివరిసారి ల్యూజౌ వెళ్లినప్పుడు వీధుల్లో ఎక్కడ చూసినా ఆ చిన్న విద్యుత్ కార్లే. వాటి కోసం కాలిబాట అంచున సన్నని గళ్లు గీసి ఉన్నాయి. నేను బస చేసిన హోటల్ కింద మాత్రం ఒక పాత 630 ఉంది. దుమ్ము పట్టిన బానెట్ మీద గుర్రం తల ఒక్కటే మెరుస్తోంది, ఎవరో రోజూ తుడుస్తున్నట్లు.

ఆడిటర్_బాబాయి
జనరల్ మోటార్స్‌కు కూడా చైనా కాలం కలిసి రాలేదు. 2024 డిసెంబరులో చైనా ఉమ్మడి వ్యాపారాల విలువ తగ్గింపు, పునర్వ్యవస్థీకరణ కింద అయిదు వందల కోట్ల డాలర్లకు పైగా భారం పుస్తకాల్లో చూపింది. అది ప్రధానంగా షాంఘైలోని మరో ఉమ్మడి సంస్థకు సంబంధించినది. ల్యూజౌ సంస్థలో వాటా అలాగే ఉంది.

బెజవాడ_వాకిలి
అందరికీ కృతజ్ఞతలు. మా బావమరిది సలహా మీద నిన్న సాయంత్రం ఒక పని చేశాను. తడిగుడ్డతో ముందు అద్దం మూల తుడిచి, టార్చి వేసి, అద్దం కింద ఉన్న పలక మీద ఛాసిస్ నంబరు చదివాను. మాది ‘ఎం’ అక్షరంతో మొదలవుతోంది. జకార్తా నుంచి అతను పంపిన ఫొటోలో కూడా మొదటి అక్షరం ‘ఎం’. రెండూ ఒకే ఫ్యాక్టరీవా?

ఓరుగల్లు_చక్రం
కాదు. మొదటి అక్షరం తయారైన ప్రాంతానిది. ‘ఎం’ను భారత్, ఇండొనేషియా, థాయ్‌లాండ్ పంచుకుంటాయి, రెండో అక్షరంతో దేశం తేలుతుంది. చైనాది ‘ఎల్’. ల్యూజౌలో తయారైన బావోజున్ మీద ‘ఎల్‌జడ్‌డబ్ల్యూ’ అని ఉంటుంది.

బెజవాడ_వాకిలి
నాన్నగారికి ఇప్పుడు ఇంకో ప్రశ్న పుట్టింది. 1999లో ఆయన కొన్న మొదటి కారు డేవూ మాటిజ్. చక్రం గారు 630 కింద ఉన్నది డేవూ పునాది అన్నారు కదా, మాటిజ్‌కు కూడా ల్యూజౌతో ఏమైనా చుట్టరికం ఉందా అని అడుగుతున్నారు.

షాంఘై_ప్రవాసి
ఉంది. మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పండి, సరైన చోట వేలు పెట్టారు. 2002లో డేవూ కార్ల వ్యాపారాన్ని జనరల్ మోటార్స్ కొన్నది. మాటిజ్ కుదురుకు చెందిన కారును 2003 నుంచి ల్యూజౌలో షెవ్రొలే స్పార్క్‌గా తయారుచేశారు. అదే సమయంలో చెరీ అనే మరో చైనా కంపెనీ అచ్చంగా అలాంటి కారునే క్యూక్యూ పేరుతో తెచ్చింది, జనరల్ మోటార్స్ కోర్టుకెక్కింది, 2005లో రాజీ పడ్డారు. ల్యూజౌ స్పార్క్‌కు చైనీస్ పేరు లెచీ. బావోజున్ వచ్చాక ఆ కారును తన కిందికి తెచ్చుకుని బావోజున్ లెచీ అని అమ్మింది.

ఇప్పుడు అదే పేరు ఎదురు దిక్కున ప్రయాణిస్తోంది. 2025లో బ్రెజిల్‌కు వచ్చిన షెవ్రొలే స్పార్క్ విద్యుత్ బండి అసలు బావోజున్ యెప్ ప్లస్. అప్పట్లో స్పార్క్ బావోజున్ అయింది, ఇప్పుడు బావోజున్ స్పార్క్ అయింది.

బెజవాడ_వాకిలి
చదివి వినిపించాను. నాన్నగారు లేచి బీరువాలోంచి పాత ఆల్బమ్ తీశారు. మాటిజ్ ముందు అమ్మ, నేను, తమ్ముడు నిలబడిన ఫొటో దొరికింది. ఇంద్రకీలాద్రి కింద వాహనపూజ రోజు తీసింది, బానెట్ మీద పసుపు బొట్లు కనిపిస్తున్నాయి. ‘అయితే మన మొదటి బండీ ఇప్పటి బండీ ఒకే ఊరివిరా’ అన్నారు.

ఆడిటర్_బాబాయి
చుట్టాలే గాని ఒకే ఊరివి కావని నాన్నగారికి చెప్పండి. ఆ మాటిజ్ నోయిడా పక్కన సూరజ్‌పూర్‌లో తయారైంది. ల్యూజౌలో తయారైంది దాని తోబుట్టువు.